పాత ట్రాక్టరు – ముందు ఇరుసు
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉత్సవంలో సంగీతం ఉంది, నృత్యం ఉంది, నాటకం ఉంది. మధ్యలో ఈ ట్రాక్టరు గొడవ ఏమిటని కార్యక్రమ పత్రం చూసినవారు కొందరు మమ్మల్ని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మేము కవులం కాము, పండితులం కాము. అన్నదమ్ములం ఇద్దరం, మా ఇల్లాళ్ళు, పిల్లలు, మా నాన్నగారు – ఇంతే మా బృందం. మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్‌కు పడమరగా గంట ప్రయాణం దూరంలో మాకు పదకొండు ఎకరాల చిన్న కమతం ఉంది. అక్కడ గోంగూర, దోస, బీర, కొంచెం పశువుల గడ్డి పండిస్తాము. ఆ కమతం మీద ఒక పాత ఫోర్డు ట్రాక్టరు ఉంది. దాని ముందు ఇరుసు అరిగిపోతే బాగుచేసుకున్నాము. ఆ కథే ఈ పూట చెప్పదలచుకున్నది. పాటా పద్యమూ సంస్కృతి అయినట్టే నాగలీ బండీ కూడా సంస్కృతే గనక కార్యవర్గంవారు పెద్ద మనసుతో ఒప్పుకున్నారు.

ముందుగా పిల్లల కోసం నాలుగు మాటలు. రెండు చక్రాలను కలిపి బండి బరువంతా మోసే అడ్డకడ్డీని తెలుగులో ఇరుసు అంటారు. ఎద్దుబండి చక్రం మధ్యలో ఇరుసు దూరే దిమ్మ పేరు కుండ. చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర గుచ్చేది చీల. ఇరుసుకు రాసేది కందెన. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన చేసేవారు. దాన్ని వెదురు గొట్టంలో పోసి బండి కింద వేలాడదీసేవారు. కందెన లేని బండి ఊరి పొలిమేర దాటకముందే కిర్రుకిర్రుమని ఆ సంగతి ఊరంతటికీ చెప్పేది. ట్రాక్టరు అలా చెప్పదు. అది మౌనంగా అరుగుతుంది. అందుకే దాన్ని మనం వెతికి చూడవలసి ఉంటుంది.

ఇక ఈ ట్రాక్టరు వంశవృక్షం. హారీ ఫెర్గూసన్ అనే ఐర్లండు దేశస్థుడు 1938 అక్టోబరులో తన ట్రాక్టరును డియర్‌బోర్నుకు తెచ్చి హెన్రీ ఫోర్డుకు దున్ని చూపించాడు. నాగలిని ట్రాక్టరు వెనుక గొలుసుతో ఈడ్చడం కాక, మూడు చేతులతో పట్టి, నూనె ఒత్తిడితో పైకీ కిందికీ ఆడించడం ఆయన కనిపెట్టిన పద్ధతి. ఇద్దరూ కాగితం రాసుకోలేదు, చేతులు కలిపారు. 1939లో ఫోర్డు 9ఎన్ వచ్చింది. హెన్రీ ఫోర్డు 1947లో కాలం చేశాడు. ఆయన మనుమడి హయాంలో ఆ కరచాలనం చెదిరింది. 1947లోనే ఫోర్డువారు 8ఎన్ అనే కొత్త మోడలు విడుదల చేశారు. ఫెర్గూసన్ 1948లో దావా వేశాడు. 1952లో 92 లక్షల 50 వేల డాలర్లకు రాజీ కుదిరింది. ఈలోగా 8ఎన్ ట్రాక్టర్లు అయిదు లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. ఎర్రని ఒళ్ళు, బూడిదరంగు రేకులు, నాలుగు గేర్లు. మా దగ్గర ఉన్నది అదే.

ఫెర్గూసన్ తన దారిన తాను 1946 నుంచి ఇంగ్లండులోని కోవెంట్రీలో ట్రాక్టర్లు చేయించాడు. 1953లో ఆయన కంపెనీ మాసీ హారిస్‌లో కలిసింది. తర్వాత దాని పేరు మాసీ ఫెర్గూసన్ అయింది. ఆ కంపెనీ సహకారంతో 1960లో మద్రాసులో టాఫే సంస్థ ఏర్పడింది. ఆ పైన మాసీ 1035 మన జిల్లాల్లో ఎంతగా పాతుకుపోయిందో ఇక్కడి పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు. మా నాన్నగారు, మా పెదనాన్నగారు కలిసి 1979లో కృష్ణాజిల్లాలో కొన్నది కూడా అదే. ఆయన మొదటిసారి మిషిగన్ వచ్చి మా కొట్టంలోని 8ఎన్‌ను చూసి, చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఇది మన మాసీకి పెదతాత వరస రా" అన్నారు. చరిత్ర పుస్తకం చదివి అన్నమాట కాదు. ముఖం చూసి చుట్టరికం పట్టారు.

ఇప్పుడు అసలు విషయం. ట్రాక్టరు ముందు ఇరుసుకు మూడు పనులు. మొదటిది బరువు మోయడం. రెండవది చక్రాలను కుడి ఎడమలకు తిరగనివ్వడం. ఎద్దుబండి ఇరుసుకు ఈ పని లేదు. అక్కడ తిప్పేవి ఎడ్లు. మూడవది, చాలామంది గమనించనిది, ఊగడం. ముందు ఇరుసు మధ్యలో ఒకే ఒక లావుపాటి మేకు మీద వేలాడుతూ ఉంటుంది. ఒక చక్రం గట్టు ఎక్కితే రెండవది గుంటలో దిగుతుంది, ఇరుసు వాలుతుంది, ట్రాక్టరు ఒళ్ళు మాత్రం నిలకడగా ఉంటుంది. వెనుక రెండు చక్రాలు, ముందు ఈ మేకు – లెక్కకు మూడు కాళ్ళు. మూడు కాళ్ళ పీట ఎగుడుదిగుడు నేల మీద వేసినా ఊగదు. నాలుగు కాళ్ళ మంచమైతే ఒక కోడు గాలిలో ఉంటుంది. చేలో నడిచే యంత్రాన్ని మూడు కాళ్ళ మీద నిలబెట్టడంలో ఉన్న తెలివి అదే.

ఈ మూడు పనులకు మూడు చోట్ల అరుగుదల. ఇరుసు రెండు కొసల్లో నిలువుగా దూరే కడ్డీలు ఉంటాయి. వీటినే మన మెకానిక్కులు కింగ్ పిన్నులంటారు. చక్రం వీటితోబాటే తిరుగుతుంది. ఒక్కొక్క కడ్డీకి పైన ఒకటి, కింద ఒకటి బుష్షులు. మధ్య మేకుకు ఇంకొక బుష్షు. ఇవిగాక ఇరుసు కొసల నుంచి వెనక్కు పోయి ట్రాక్టరు ఒంటికి గుండ్రని గుబ్బతో అతుక్కునే ఊతకడ్డీలు రెండు, స్టీరింగు పెట్టె నుంచి చక్రాలకు పోయే లింకు కడ్డీలు రెండు. బుష్షు అంటే పలుచని గొట్టం. అరచేతిలో ఇమిడిపోతుంది. ఇరుసు బోలెడు ఇనుము, అది అరగదు. తాను అరిగి ఇరుసును కాపాడడమే బుష్షు పని. అది పూర్తిగా అరిగాక కూడా మనం పట్టించుకోకపోతే, అప్పుడు ఇరుసు చిల్లే కోడిగుడ్డు ఆకారానికి సాగుతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

మా ట్రాక్టరుకు ఆ స్థితి ఎలా వచ్చిందంటే, దాన్ని మాకంటే ముందు ఏలినవారు ముందుభాగాన మట్టి ఎత్తే బకెట్టు ఒకటి బిగించి చాలా ఏళ్ళు వాడారు. 8ఎన్ బరువే సుమారు 2,400 పౌన్లు. దాని ముందు ఇరుసు నాగలి దున్నే ట్రాక్టరు కోసం చేసినది. అరటన్ను తడిమట్టిని ముందు మోయడానికి చేసినది కాదు. బకెట్టు బరువంతా ఆ చిన్న బుష్షుల మీద పడుతుంది. మేము కొన్నాక ఆ బకెట్టు తీసివేశాము గాని, అప్పటికే పడిన అరుగుదల లోపల ఉండిపోయింది. ఎవరైనా పాత ట్రాక్టరు కొనబోతే ముందు బకెట్టు ఉందా, ఎప్పుడైనా ఉండేదా అని అడిగి తెలుసుకోవడం మంచిది.

2018 అక్టోబరులో కట్టెల బండి వేసుకుని రోడ్డు అంచున వస్తూండగా ట్రాక్టరు ఎడమకు లాగి కందకం వైపు దిగబోయింది. తక్కువ గేరులో ఉండబట్టి ఆగింది. తోలుతున్నది మా నాన్నగారు. ఆయనకు అప్పుడు డెబ్బై నాలుగేళ్ళు.

ఆ రాత్రి మా ఇంట్లో జరిగిన చర్చ మీలో చాలామంది ఇళ్ళలో వేరే రూపంలో జరిగే ఉంటుంది. మేము అన్నదమ్ములం ట్రాక్టరు అమ్మేద్దామన్నాము. ఒక దుకాణంవారిని అడిగితే ఆ ఇరుసు మీద డబ్బు పెట్టడం దండగ, కొత్త చిన్న ట్రాక్టరు కొనుక్కోమన్నారు. మాటకు అదే సబబుగా తోచింది. నాన్నగారు అంతా విని, "ఎద్దు కుంటుతుంటే సంతకు తోలేముందు గిట్ట ఎత్తి చూడాలిరా" అన్నారు. ఇంకేమీ అనలేదు. మరునాడు భోజనానికి కూడా సరిగా రాలేదు.

ఇక్కడ ఒక్క మాట చెప్పక తప్పదు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ పదిమందికి సలహా చెప్పిన మనిషి, కాలువ నీరు ఎప్పుడొస్తుందో, ఏ నేలకు ఏ విత్తనమో తెలిసిన మనిషి, అమెరికా వచ్చాక కిటికీ దగ్గర కూర్చుని కొడుకు కారు చప్పుడు కోసం ఎదురుచూస్తాడు. ఆయనకు కడుపునిండా తిండి పెడతాము, మంచి డాక్టరుకు చూపిస్తాము, గుడికి తీసుకువెళతాము. ఆయనకు తెలిసిన పని మాత్రం ఇక్కడ ఎవరికీ అక్కరలేదు. మా ఇంట్లో ఆయన పనికి అక్కర ఉన్న వస్తువు ఆ ట్రాక్టరు ఒక్కటే. దాన్ని అమ్మితే కందకంలో పడే ప్రమాదం తప్పుతుంది, నిజమే. కాని ఇంకొకటి కూడా పోతుంది. మా ఇల్లాళ్ళు ఈ సంగతి మాకంటే ముందు గ్రహించారు. "ముందు గిట్ట ఎత్తి చూడండి, తర్వాత సంత సంగతి మాట్లాడుకుందాం" అని తీర్పు చెప్పారు.

సరే, గిట్ట ఎత్తాము. అరుగుదల ఎక్కడుందో పట్టుకునే పద్ధతి నాన్నగారు చూపించారు. ఇది ఏ ట్రాక్టరుకైనా పనికివస్తుంది గనక కాస్త వివరంగా చెబుతాము. చదునైన గట్టి నేల మీద నిలిపి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా దిమ్మలు పెట్టి, ముందు చక్రం నేలకు ఎడంగా లేపాలి. లేపిన బరువును దుంగల దొంతర మీద గాని, స్టాండు మీద గాని దించాలి. ఇక చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఊగితే రెండవ మనిషి దీపం వేసి చూడాలి. చక్రం మాత్రమే ఊగి వెనుక కడ్డీ కదలకపోతే లోపం చక్రపు బేరింగులో ఉంది. కడ్డీ కూడా ఇరుసులో కదులుతుంటే కింగ్ పిన్ను బుష్షు అరిగింది. తర్వాత చక్రాన్ని కుడి ఎడమ అంచులు పట్టి ఊపాలి. అప్పుడు ఆట కనిపిస్తే చాలామట్టుకు లింకు కడ్డీల కొసల్లో ఉంటుంది. చివరకు ఒక గునపం తీసుకుని ఇరుసు మధ్యలో పెట్టి పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ ఎత్తి చూడాలి. అక్కడ కదిలితే మధ్య మేకు. ఈ పరీక్షకు అరగంట పట్టదు. ఇది చేయకుండా దుకాణానికి వెళ్ళి సామాను కొనడమంటే నాడి చూడకుండా మందు రాయడమే.

మాకు మూడు చోట్లా ఆట కనిపించింది. ఎడమ కింగ్ పిన్ను వేలు దూరేటట్టుంది.

విప్పేటప్పుడు పాటించవలసిన జాగ్రత్త ఒకటి ఉంది. పిల్లలూ, ఇది మీకు. ఒక్క జాకీ మీద నిలబెట్టిన బరువు కిందకు ఎవరూ, ఎన్నడూ దూరకూడదు. పైగా ముందు ఇరుసు ఊగే వస్తువు. మధ్య మేకు మీద ఒళ్ళంతా పక్కకు వాలగలదు. అందుకని ఇరుసుకూ దాని పైనున్న పోత ఇనుప భాగానికీ మధ్య రెండు వైపులా కర్ర చీలికలు బిగించాలి. ఇరుసు మొత్తం తీసేటట్టయితే ఇంజను కింద దుంగలు పేర్చి, బరువంతా వాటి మీదికి వచ్చాకనే మేకు ముట్టుకోవాలి. ఈ ట్రాక్టరుకు ఇంజను అడుగున ఉండే నూనె పళ్ళెం కూడా దళసరి పోత ఇనుమే గనక ఆ బరువు ఆపగలదు. కొత్త కార్ల రేకు పళ్ళెం కింద ఆ పని చేయరాదు.

చక్రాలు తీశాము. పైనున్న స్టీరింగు చేతుల బోల్టులు వదులు చేశాము. ఎన్నో శీతాకాలాల తుప్పు పట్టి అవి ఒక పట్టాన రాలేదు. తుప్పు వదిలించే నూనె పోసి ఒక రాత్రి ఉంచాము. తెల్లారి ఇత్తడి దిమ్మ అడ్డం పెట్టి సుత్తితో కొడితే కదిలాయి. నేరుగా ఉక్కు మీద ఉక్కుతో కొడితే కొస పుట్టగొడుగులా విచ్చుకుని అసలు రాదు. కడ్డీ కిందికి జారి వచ్చాక చూస్తే బుష్షు తిరిగిన చోట మెడకు తాడు కోసినట్టు గాడి పడి ఉంది. కింద ఉండే ఒత్తిడి బేరింగు పొడిపొడిగా రాలింది. గ్రీజు ఎక్కించే నిప్పిల్ గట్టిపడిన మట్టితో మూసుకుపోయి ఉంది. ఎవరో ఏళ్ళ తరబడి గ్రీజు గన్ను తెచ్చి నొక్కి, పైకి కారిన గ్రీజును చూసి లోపలికి వెళ్ళిందనుకుని తృప్తిపడి ఉంటారు.

ఇక్కడ మూడు దారులున్నాయి. మొదటిది ఇరుసు మొత్తం కొత్తది వేయడం. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా 8ఎన్‌కు చాలా భాగాలు కొత్తవి తయారవుతూనే ఉన్నాయి గనక అది సాధ్యమే. రెండవది అరిగిన చోట వెల్డింగుతో ఇనుము నింపి మళ్ళీ చెక్కడం. మూడవది సాగిన చిల్లును కొంచెం పెద్దదిగా సరిగ్గా గుండ్రంగా తొలిపించి, అందులో ఉక్కు గొట్టం దిగవేసి, ఆ గొట్టంలో మామూలు బుష్షు ఎక్కించడం. ఏది ఎక్కడ తగినదో ఆలోచించాలి. కింగ్ పిన్ను కడ్డీలు గాడిపడ్డాయి గనక, వాటి మీద బతుకు ఆధారపడి ఉంటుంది గనక, అవి కొత్తవే తెప్పించాము. ఇరుసు కొసల చిల్లులు కొత్త బుష్షులతో సరిపోయాయి. మధ్య మేకు పట్టే చిల్లు మాత్రం గుడ్డులా సాగింది. దాన్ని పట్టే ముందుభాగం పోత ఇనుము. పోత ఇనుముకు వెల్డింగు చేస్తే చల్లారేటప్పుడు బీట వారే భయం ఉంటుంది. అందుకని అక్కడ మూడవ దారి తొక్కాము.

విజయవాడ ఆటోనగరు చూసినవారికి ఈ పని కొత్త కాదు. అక్కడ ఏ లేతు షాపులోనైనా పూటలో చేసిపెడతారు. అమెరికాలో అలాంటివారు ఉండరని మేము అనుకునేవాళ్ళం. వెతికితే మా కౌంటీలోనే తన సొంత కొట్టంలో లేతు పెట్టుకున్న ఒక వృద్ధుడు దొరికారు. ఆయనకు తెలుగు రాదు, మా నాన్నగారికి ఇంగ్లీషు అంతంతమాత్రం. లేతు పనివారు అంగుళంలో వెయ్యో వంతును థౌ అంటారు. అది ఆంధ్రలోనూ థౌ, మిషిగన్‌లోనూ థౌ. నాన్నగారు నాలుగు వేళ్ళు చూపించి "థౌ" అన్నారు. ఆయన తలూపి అయిదు వేళ్ళు చూపించారు. కొలత పరికరం పెట్టి చూసి ఇద్దరూ నవ్వారు. మేము ఇంజనీర్లం పక్కన నిలబడి టీ పోశాము.

కొత్త బుష్షులు దిగవేసేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. పై బుష్షుకూ కింది బుష్షుకూ మధ్య కొంత ఖాళీ ఉంటుంది. గ్రీజు ముందు చేరేది అక్కడికే. బుష్షును మరీ లోతుకు కొడితే గ్రీజు దారి మూసుకుపోతుంది. కొత్త సామాను వేసి కూడా పాత కథే మళ్ళీ మొదలవుతుంది. రెండవది, బుష్షు బిగువుగా దిగినప్పుడు లోపలి చుట్టుకొలత కొంచెం ముడుచుకుంటుంది. కడ్డీని సుత్తితో లోపలికి కొట్టి సరిపెట్టకూడదు. రీమరు తిప్పి, రెండు బుష్షులూ ఒకే వరుసలో ఉండేటట్టు సవరించి, కడ్డీ చేతి ఒత్తిడికి మెత్తగా దిగేటట్టు చేయాలి. రీమరు తిప్పే పని మా పెద్దమ్మాయి చేసింది. దానికప్పుడు పద్నాలుగేళ్ళు. తాతగారు పక్కన కూర్చుని, "తొందరపడకమ్మా, పప్పు రుబ్బినట్టు ఒకే వైపు తిప్పు, వెనక్కు తిప్పకు" అని చెబుతూ వచ్చారు. పప్పు రుబ్బడం దానికి తెలియదు గాని, ఒకే వైపు తిప్పడం తెలిసింది.

అన్నీ బిగించాక చక్రాల వరుస సరిచూడాలి. రెండు ముందు చక్రాలూ పూర్తిగా సమాంతరంగా ఉండకూడదు. ముందు అంచుల మధ్య దూరం వెనుక అంచుల మధ్య దూరం కంటే పావు అంగుళం దరిదాపు తక్కువ ఉండాలి. ఖచ్చితమైన అంకె ఆయా మోడలు పుస్తకంలో ఉంటుంది. దీనికి యంత్రాలేమీ అక్కరలేదు. టైరు మీద సుద్దతో ఇరుసు ఎత్తున గుర్తుపెట్టి, టేపు పట్టి ముందు కొలిచి, ట్రాక్టరును అర చుట్టు ముందుకు తోసి, అదే గుర్తు వెనక్కు వచ్చాక మళ్ళీ కొలిస్తే చాలు. 8ఎన్‌కు రెండు చక్రాలకూ విడివిడి లింకు కడ్డీలు ఉంటాయి. ఒకదాన్నే తిప్పి సరిచేస్తే స్టీరింగు చక్రం వంకరగా నిలుస్తుంది. రెండింటినీ సమంగా సవరించాలి. ఆఖరున గ్రీజు గన్నుతో కొత్త గ్రీజు కడ్డీ అంచున బయటికి కనబడేదాకా ఎక్కించాలి. అది కనబడితేనే లోపలికి వెళ్ళినట్టు లెక్క.

బాగుచేశాము గదా అని పాత ట్రాక్టరును పూర్తిగా నమ్మరాదు. మూడు కాళ్ళ పీట అన్నామే, దానికి ఒక లోపం ఉంది. ఏటవాలున పక్కకు ఒరిగేటప్పుడు ముందు ఇరుసు తన ఆపు తగిలేదాకా ఏమీ అడ్డుపడదు. తోలేవాడికి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. బోల్తా పడితే మనిషిని కాపాడే ఇనుప చట్రాన్ని కొత్త ట్రాక్టర్లకు మామూలుగా బిగించి ఇవ్వడానికి ఈ దేశపు తయారీదార్లు 1985లో ఒప్పుకున్నారు. 8ఎన్ అంతకు ఎన్నో ఏళ్ళ ముందుది. మేము దానికి సరిపోయే చట్రం, నడుము పట్టీ తెప్పించి బిగించాము. చట్రం ఉన్నప్పుడు పట్టీ తప్పక పెట్టుకోవాలి. నాన్నగారితో ఒక ఒప్పందం కూడా కుదిరింది. చదును చేలో ఆయన తోలతారు. ఏటవాలూ రోడ్డూ మావి. ఆయన మొదట ముఖం చిట్లించినా, "పెద్దతాతను జాగ్రత్తగానే తోలాలిలే" అని ఒప్పుకున్నారు. ఇరుసుకు బీట వారి ఉంటే మాత్రం ఈ మరమ్మతు చేసేవాళ్ళం కాదు. బీట వారిన ఇరుసును పాత ఇనుము కొట్టుకు పంపవలసిందే. ప్రేమ వేరు, పట్టుదల వేరు.

లోకంలో జరుగుతున్న ఒక సంగతి కూడా దీనికి సంబంధించినదే. ఈనాటి పెద్ద ట్రాక్టర్లలో కంప్యూటర్లు ఉన్నాయి. చాలా లోపాలను విప్పి చూసే తాళంచెవి కంపెనీ చేతిలో ఉంటుంది. రైతు తన డబ్బుతో కొన్న యంత్రాన్ని తాను బాగుచేసుకునే హక్కు కోసం ఈ దేశంలో కొన్నేళ్ళుగా పోరు నడిచింది. కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల కోసం ఆ హక్కును చట్టం చేసింది. అది 2024 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. మా 8ఎన్‌కు ఎవరి అనుమతీ అక్కరలేదు. స్పానర్లు, సుత్తి, జాకీ, తెలిసిన మనిషి – ఇవి ఉంటే చాలు. మొదటి మూడూ ఈ దేశంలో ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. నాలుగవది మన ఇళ్ళలోనే, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉండవచ్చు.

మా కొట్టంలో ఇప్పుడు ఒక నోటుపుస్తకం ఉంది. దాని అట్ట మీద "కందెన పద్దు" అని మా పెద్దమ్మాయి తెలుగులో రాసింది. ట్రాక్టరు పనిచేసిన రోజున ఎన్ని నిప్పిళ్ళకు గ్రీజు పెట్టారో, ఎవరు పెట్టారో అందులో రాయాలి. తాతగారు తనిఖీ చేసి సంతకం పెడతారు. పిల్లలకు వారాంతపు బడిలో ఎంత చెప్పినా నిలవని ఒత్తులూ దీర్ఘాలూ ఈ పద్దులో నిలిచాయి. తప్పు రాస్తే తాతగారు సంతకం పెట్టరు మరి. ఇరుసు, చీల, కందెన, గునపం, దుంగ, బీట – ఈ మాటలు మా పిల్లలకు నిఘంటువులో దొరకలేదు. చేతికి మురికి అంటినప్పుడు దొరికాయి.

అందరూ ట్రాక్టర్లు కొనుక్కోవాలని మేము చెప్పడం లేదు. మీ ఇంటి పెద్దలకు మగ్గం తెలిసి ఉండవచ్చు, కంసాలి పని తెలిసి ఉండవచ్చు, పడవ కట్టడం, కొండపల్లి కొయ్యకు రంగు వేయడం, ఊరగాయ జాడీ పెట్టడం తెలిసి ఉండవచ్చు. వారికి తెలిసిన పని ఏదో అడగండి. దానికి కావలసిన వస్తువు ఒకటి ఇంట్లోకి తెచ్చిపెట్టండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టండి. ఆ పనిలో వచ్చే మాటలను ఒక పుస్తకంలో రాయించండి. వచ్చే ఉత్సవానికి ఆ పుస్తకాలన్నీ ఒక బల్ల మీద పెట్టి ప్రదర్శించుకుంటే చూడముచ్చటగా ఉంటుందని మా మనవి. మా కందెన పద్దు మేము తెస్తాము.

ట్రాక్టరు ఇప్పుడు చాలు తప్పకుండా నడుస్తోంది. బుష్షులు మళ్ళీ అరుగుతాయి. అది వాటి ధర్మం. అప్పటికి రీమరు పట్టడం తెలిసిన చేతులు మా ఇంట్లో ఇంకో రెండు మూడు జతలు ఉంటాయని మా ధైర్యం.